తిరిగొచ్చిన ఇరవై ఒకటో తారీఖు

“నీకెలాగూ ఇలాంటివి సరదా కదా, ప్రయాణం సంగతంతా నువ్వే చూసుకో,” అన్నాడు భర్త, అప్పుడే ఇస్త్రీ అయిన చొక్కా ఆమె చేతిలోంచి అందుకుని తొడుక్కుంటూ. చొక్కా ఇంకా వెచ్చగా ఉన్నందుకు “అబ్బ, హాయిగా ఉంది” అని కూడా అన్నాడు. అని, వరమిచ్చిన దేవుడిలా ఓ నవ్వు నవ్వి ఆఫీసుకు వెళ్ళిపోయాడు. ఆమె ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసి, తన బట్టలు ఇస్త్రీ చేసుకునే టైము ఇక లేదని గడియారం చూసి తెలుసుకుని, ముడతల్ని చేత్తోనే సాపు చేసుకుంటూ బడికి పరుగెత్తింది.

ఆ ఇంట్లో ‘నీకు సరదా కదా’ అన్న మాటకు ఇరవై నాలుగేళ్ళ చరిత్ర ఉంది. కాపురానికొచ్చిన కొత్తలో ఒకరోజు ఊసుపోక బీరువా సర్దితే, సర్దడం ఆమెకు సరదా అయిపోయింది. కూతురి పుస్తకాలకు అట్టలు వేస్తే అట్టలు సరదా. ఆడపడుచు ఇల్లు మారినప్పుడు సామాన్ల జాబితా రాసిపెడితే జాబితాలు సరదా. సరదాగా చేసే పనికి అలసట ఉండదు, అలసట లేని పనికి ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు. అదీ వాళ్ళ తర్కం. చిక్కేమిటంటే అందులో సగం నిజం. గళ్ళ కాగితమంటే ఆమెకు నిజంగానే ప్రాణం. మొత్తం అబద్ధమైతే ఎప్పుడో పోట్లాడి తేల్చుకునేది. సగం నిజంతో ఎవరు పోట్లాడగలరు?

ఆమె హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. దాంతోపాటు ఇరవై రెండేళ్ళుగా బడి టైంటేబుల్ ఆమే వేస్తుంది. నలభై ఒక్కమంది టీచర్లు, వారానికి ఆరు రోజులు, రోజుకు ఎనిమిది పీరియడ్లు. పొద్దున్నే ఎవరు సెలవు పెడితే వాళ్ళ క్లాసులు ఎవరికి అంటగట్టాలో చూసేది కూడా ఆమే. పిల్లలు చాటుగా ‘గళ్ళ టీచరు’ అంటారు. ఈ పని ఆమె జీతంలో లేదు, డ్యూటీల్లో లేదు. “మీకు చేయి తిరిగింది కదా టీచర్,” అంటారు హెడ్మాస్టరు, అది సరిపోతుందన్నట్టు. ఉప ప్రధానోపాధ్యాయుల పదవి ఖాళీ అయినప్పుడు దాన్ని డ్రిల్లు మాస్టారికిచ్చి, “మీకెలాగూ టైంటేబుల్ ఉంది, ఇంకా భారమెందుకని...” అని ఆమె మీదే జాలి చూపించారు. ఆమె పద్ధతి మొదటినుంచీ ఒకటే: ముందు అందరినీ గళ్ళలో కూర్చోబెట్టి, ఆఖరున మిగిలిన గళ్ళలో తను కూర్చుంటుంది. అందువల్ల ఇరవై రెండేళ్ళుగా భోజనం తర్వాత, పిల్లలు జోగుతూ ఉండే పీరియడ్లన్నీ ఆమెవే.

ఇక ఈ ప్రయాణం. భర్త ఒక కర్మాగారంలో తనిఖీ విభాగంలో పనిచేస్తాడు. అంటే తప్పులు పట్టడమే వృత్తి. ఆయన ఆఫీసు గోడమీద ఎప్పటిదో ఓ క్యాలెండరు, దాంట్లో భూమికి ఆ చివరనున్న దేశంలోని సరస్సులూ కొండలూ. పదవీ విరమణ లోపల ఒక్కసారి ఆ కొండల కింద నిలబడాలని ఆయన కోరిక. అమ్మను కూడా తీసుకెళ్ళాలని ఇంకో కోరిక. అమ్మకు డెబ్భై ఆరు, రెండు మోకాళ్ళూ మొరాయిస్తాయి, అంత దూరం ఒక్క ఊపున కూర్చోలేదు. అప్పుడు టికెట్లమ్మే అమ్మాయి ఉపాయం చెప్పింది. దారిలో రెండు ఊళ్ళలో దిగొచ్చట. వెళ్ళేటప్పుడు ఒక ఊళ్ళో ఒకటిన్నర రోజు, వచ్చేటప్పుడు ఇంకో ఊళ్ళో ఒక రోజు ఉండి, కాళ్ళు చాపుకుని, ఊరు చూసి, మళ్ళీ అదే టికెట్టు మీద విమానం ఎక్కొచ్చట. ఈ సంగతి విన్నప్పుడు ఆమెకు ఒళ్ళంతా ఒక సంతోషం పాకింది. ఎక్కడికో వెళ్తూ వెళ్తూ మధ్యలో ఊరికే దిగడం! అలాంటిది ఒకటి ఉంటుందనే ఆమెకు తెలియదు. ఆ కబురు చెప్పినందుకు ఆ అమ్మాయిని మనసులో దీవించింది.

రెండు నెలలు కూర్చుని ప్లాను వేసింది. అడ్డంగా నలుగురు మనుషులు, నిలువుగా తారీఖులు, రోజుకు మూడు గళ్ళు. అత్తగారికి నడవ పక్క సీటు, బాత్రూముకు దగ్గరగా. భర్తకు కిటికీ, లేకపోతే ఆయనకు ఊపిరాడదు. కూతురికి ఇంకో కిటికీ, లేకపోతే ప్రయాణమే దండగ. పన్నెండు గంటల విమానంలో మధ్య సీటు తనది. ప్రతి విమానాశ్రయంలోనూ చక్రాల కుర్చీ, ప్రతి హోటల్లోనూ లిఫ్టు, మందులు చేతి సంచీలో, వాటి చీటీలు రెండు కాపీలు. మొదటి ఊళ్ళో భర్తకు పాత వంతెన, కూతురికి చేపల మ్యూజియం, అత్తగారికి గదిలో విశ్రాంతి. అత్తగారి గడి పక్కనే తన గడిలో ‘తోడు’ అని రాసుకుంది. అలా రాసినప్పుడు ఆమెకేమీ అనిపించలేదు కూడా.

“ఎంత అదృష్టం వదినా! నక్కను తొక్కొచ్చావు,” అంది ఆడపడుచు ఫోన్లో. “ఎంతమంది మగాళ్ళు పెళ్ళాన్నీ తల్లినీ కలిపి అంత దూరం తీసుకెళ్తారు చెప్పు? అన్నయ్యకు రోజూ దణ్ణం పెట్టుకోవాలి నువ్వు.” ఆమె అప్పుడు ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి, లిఫ్టు లేని ఓ హోటలు పేరు కొట్టేస్తోంది. తీసుకెళ్ళడమంటే ఏమిటో, ఎవరిని ఎవరు తీసుకెళ్తున్నారో అన్న ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి ఆగిపోయింది. ఎందుకంటే ఆయన మంచివాడు. ఆమెకు ఆపరేషనైనప్పుడు తొమ్మిది రోజులు ఆస్పత్రి కుర్చీలో ముడుచుకుని పడుకున్నాడు. ఆ మాట ఎవరూ అడగకపోయినా ఆమే చెబుతుంది, మనసారా చెబుతుంది. దణ్ణం పెట్టుకో అని ఎవరైనా అన్నప్పుడు మాత్రం ఆ మనసు ఎక్కడికో పారిపోతుంది.

ఆ శనివారం బడి ఒక పూటే. హోటలు కాగితాలు ఖాయం చేద్దామని టికెట్ల ఆఫీసుకు వెళ్ళింది. మందుల షాపు పైన మెట్లెక్కితే ఒక్క గది, ఒక బల్ల, బల్లమీద గ్లోబు. టికెట్లమ్మాయి కంప్యూటరు చూసి కనుబొమలు ముడిచింది.

“మేడమ్, రెండో ఊళ్ళో హోటలు ఇరవై రెండు నుంచి అడిగారు. ఆ ముందు రెండు రాత్రులూ ఎక్కడుంటారు?”

“ముందెక్కడిది? ఇరవై రెండు పొద్దున్నే కదా దిగేది.”

“ఇరవై మధ్యాహ్నం మేడమ్. మీ టికెట్టులో ఉంటుంది చూడండి.”

ఆమె సంచీలోంచి టికెట్టు కాగితం తీసి బల్లమీద పెట్టింది. ఆ అమ్మాయి దాన్ని చూసింది. ఆమె మొహం చూసింది. మళ్ళీ కాగితం చూసి, ఆపుకోలేక పక్కున నవ్వేసింది. బయల్దేరేది: ఇరవై, సాయంత్రం ఏడు. దిగేది: ఇరవై, మధ్యాహ్నం పన్నెండు. ఆ రెండో వరుసకు ఎర్ర సిరాతో సున్నా చుట్టి, కొట్టేసి, పైన ‘22, ఉదయం’ అని దిద్ది, పక్కన అందమైన అక్షరాలతో ‘సరిచూడుము’ అని రాసి ఉంది.

“ఏడింటికి ఎక్కినవాళ్ళు అదే రోజు పన్నెండింటికి ఎలా దిగుతారమ్మా? ఎక్కకముందే దిగుతారా?” అంది ఆమె కాస్త కోపంగా. “అచ్చుతప్పనుకున్నాను.”

“ఎక్కకముందే దిగుతారు మేడమ్,” అంది అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ. గ్లోబు తిప్పి సముద్రం మధ్యలో వేలు పెట్టింది. “ఇక్కడో గీత ఉంది. వెళ్ళేటప్పుడు దాటితే ఓ రోజు మింగేస్తుంది. నాలుగో తారీఖు రాత్రి ఎక్కి ఆరు పొద్దున దిగుతున్నారు కదా, మీ ఐదో తారీఖు దీని పొట్టలోకే పోయింది. వచ్చేటప్పుడు అదే గీత దాన్ని తిరిగి ఇచ్చేస్తుంది.”

ఆమెకు ఇది తెలుసు. ఎప్పుడో చదువుకుంది, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకుంది. కానీ వెళ్ళేటప్పుడు ఒక రోజు పోయింది కాబట్టి వచ్చేటప్పుడూ ఇంకోటి పోతుందని ఆమె చేయి దానంతటదే దిద్దేసింది. పోయిన రోజు తిరిగిరావడం ఆమెకు ఎన్నడూ అనుభవంలో లేని విషయం. ఆ ఊరినుంచి ఇంటికొచ్చే విమానం ముందుకు జరపడం కుదరదట, నాలుగు సీట్లు ఒక్కచోట లేవు. అంటే దిగిన పూట నిద్రకు పోయినా, ఇరవై ఒకటో తారీఖు, పొద్దుటినుంచి రాత్రిదాకా, ఆ ఊళ్ళో ఎవరి పేరూ లేకుండా ఖాళీగా పడి ఉంది. ఇరవై రెండేళ్ళలో ఆమె చేతిమీదుగా ఒక్క పీరియడు ఖాళీగా పోలేదు. అలాంటిది ఏకంగా ఒక రోజు!

“పోనీలెండి, మంచిదే అయింది. ఆ రోజు ఏం చూస్తారు మేడమ్?” అని అడిగింది టికెట్లమ్మాయి, హోటలుకు రెండు రాత్రులు కలుపుతూ.

“మావారికి వంతెనలుంటే చాలు. అమ్మాయికి బజార్లు. అత్తగారికి లిఫ్టు...”

“అది కాదు మేడమ్. మీకేం చూడాలనుంది?”

ఆమె టికెట్టు కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది. మెట్లు దిగి వీధిలో నడుస్తూ ఆ ప్రశ్నే తనకు తాను వేసుకుంది: నాకేం చూడాలనుంది? తాళం పోయిన పెట్టెను కదిపి చూసినట్టుగా ఉంది, లోపల ఏదో ఉన్నట్టు చప్పుడవుతోంది, ఏమిటో తెలియడం లేదు. భయమేసింది, కాస్త సిగ్గేసింది. అయినా ఆ ప్రశ్న అడిగినందుకు ఆ అమ్మాయి మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందంటే, వెనక్కెళ్ళి చెయ్యి పట్టుకుందామా అనుకుంది. ఇంట్లో ఎవరికీ తట్టని ప్రశ్న అది. నిజం చెప్పాలంటే ఆమెకూ తట్టలేదు.

మర్నాడు ఆదివారం, పొద్దున్న ఫలహారాల దగ్గర సంగతి చెప్పింది. భర్త కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. “లెక్కల టీచరు లెక్క తప్పింది! మా తనిఖీలో అయితే సరుకు వెనక్కి పంపేసేవాళ్ళం. అచ్చయిన టికెట్టుకే ఎర్ర సిరానా? రేపు విమానం నడిపేవాడికి కూడా మార్కులేస్తావా?” కూతురు రొట్టె ముక్క గొంతుకడ్డం పడేలా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. నవ్వదగ్గదే మరి.

నవ్వులయ్యాక రోజు మీద పడ్డారు. “ఆ ఊళ్ళో మా మొదటి పెద్దాఫీసరు ఉన్నాడు,” అన్నాడు భర్త. “ఎప్పటినుంచో రమ్మంటున్నాడు. మధ్యాహ్నం భోజనానికి అందరం వెళ్దాం. ఆయన భార్యకు ఓపిక తక్కువ, నువ్వు కాస్త ముందుగా వెళ్ళి సాయం చేద్దువుగాని.”

“పొద్దున్న పాత బట్టల బజారు నాది,” అంది కాలేజీలో చదివే కూతురు. “అమ్మా, నువ్వు రావాలి. నేను వేసుకు చూస్తుంటే సంచులు ఎవరు పట్టుకుంటారు?” ఈ గోలలోనే ఆడపడుచు ఫోను చేసింది, ఆవిడకూ వాటా దొరికింది. సాయంత్రం ఓ పెద్ద దుకాణంలో కొనాల్సినవి పదకొండు వస్తువులు, కొలతలతో సహా చెప్పింది. పది నిమిషాల్లో మూడు గళ్ళూ నిండిపోయాయి. మూడింట్లోనూ ఆమె ఉంది. ఒకచోట వంటకు, ఒకచోట మోతకు, ఒకచోట బేరానికి.

“ఊఁ, రాసెయ్ రాసెయ్, మళ్ళీ మర్చిపోతాం,” అన్నాడు భర్త.

అత్తగారు అప్పటిదాకా రొట్టె టీలో ముంచుకుని తింటోంది. “ఇంకా విమానం ఎక్కలేదు, దిగలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట,” అంది. తర్వాత మూతి తుడుచుకుని, “అమ్మాయ్, నా మోకాళ్ళకు కాస్త మందు రాద్దువు రా,” అని గోడ పట్టుకుని తన గదిలోకి నడిచింది. ఆమె పెన్సిలు బల్లమీద పెట్టి వెనకాలే వెళ్ళింది.

అత్తగారు ఒకప్పుడు పెద్దాసుపత్రిలో నర్సు. ఆ గదిలో ఇప్పటికీ దుప్పటి మూలలు ఆసుపత్రి పద్ధతిలోనే మడతపడి ఉంటాయి. మంచం మీద కాళ్ళు చాపుకుని, కోడలు మందు రాస్తుంటే కిటికీవైపు చూస్తూ మొదలుపెట్టింది.

“పదకొండేళ్ళు మా వార్డు డ్యూటీ చార్టు నేనే రాశాను, తెలుసా? ఇరవై ఆరుమంది నర్సులు, మూడు షిఫ్టులు. ఒకదానికి పిల్లాడికి జ్వరం, ఒకదానికి అత్తగారు రాత్రిపూట పంపదు. అందరివీ కుదర్చాలి. జీతంలో కలవదు, ప్రమోషన్లో కలవదు. ‘సిస్టర్, మీకు చేయి తిరిగింది కదా’ అనేవారు.”

ఆమె చెయ్యి మోకాలి మీద ఆగిపోయింది. ఆ మాట అక్షరం తేడా లేకుండా ఆమె వారం వారం వింటుంది. ఇరవై నాలుగేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటూ ఈ విషయం ఒకరినొకరు అడగలేదు.

“కానీ మా వార్డులో ఓ కట్టుబాటు ఉండేదే. చార్టులో పొరపాటు పడి, ఒక షిఫ్టుకి ముగ్గురు చాలుననగా నలుగురు పడ్డారనుకో. ఆ మిగిలిన సెలవు ఎవరిదీ కాదు, చార్టు రాసినదానిది. మేట్రన్ కూడా అడ్డు చెప్పేది కాదు. అన్ని రోజులు ఊరికే రాసిపెట్టిన చేతికి ఆ ఒక్కటే ఫలం. కావాలని తప్పు రాసేవాళ్ళేమో అనుకుంటావు. ఒక్కరూ రాయలేదు. అదీ మా పరువు.”

“మీకెన్నిసార్లు వచ్చింది అత్తయ్యా?”

“పదకొండేళ్ళలో ఒక్కసారి. గురువారం. ఏం చేశానో చెప్పనా? పొద్దున్నే డ్యూటీ బట్టలేసుకుని, బయల్దేరినట్టే బయల్దేరి, వీధి చివరిదాకా వెళ్ళాను. అక్కడ నిలబడ్డాను. ఎటు పోవాలో తోచలేదు. వెనక్కి ఇంటికొచ్చి, బీరువా అంతా దించి మళ్ళీ సర్దాను. సాయంత్రం మీ మామగారొచ్చి, ‘ఇవాళ ఇంట్లోనే ఉన్నావుగా, ఏదైనా ప్రత్యేకంగా వండాల్సింది’ అన్నారు. పాపం, ఆయన తప్పేం లేదు. నేను చెబితేగా ఆ రోజు నాదని.” ఆవిడ దుప్పటి మూల సరిచేసింది. “నువ్వు ఈ ఇంటికొచ్చాక అన్నిటికీ ‘మా కోడలు చూసుకుంటుంది’ అని గొప్పగా చెప్పుకున్నాను. గొప్ప నాకు దక్కింది, చూసుకోవడం నీకు దక్కింది. నాకు తెలియక కాదే. తెలిసీ ఊరుకున్నాను, సుఖంగా ఉందని.”

“మరి ఆ రోజు మీ దగ్గర ఎవరుంటారు?” అంది ఆమె, అలవాటు చొప్పున.

“నా కొడుకున్నాడుగా! వాణ్ణి కన్నదెందుకు? మందు రాయడానికి వాడికీ రెండు చేతులున్నాయి, లెక్కపెట్టే చూసుకున్నాను పుట్టినప్పుడు.” అత్తగారు వేలు చూపించి బెదిరించింది. “ఒక్కటే చెబుతున్నాను విను. ఆ రోజు ఎక్కడికెళ్తావో నాకు చెప్పకు. ఎవరికీ చెప్పకు. చెప్పావా, దాంట్లో ఓ పని కలిపేస్తాం. ముందు నేనే అంటాను, ఎలాగూ అటు వెళ్తున్నావుగా, వచ్చేటప్పుడు నా మాత్రలు పట్రా అని. నా నోరు నాకు తెలుసు.”

ఆమె మందు సీసా మూత బిగించింది. ఇన్నేళ్ళలో ఎందరో ఆమెను కృతజ్ఞతగా ఉండమన్నారు. మంచి మొగుడు దొరికినందుకు, ఉద్యోగం చేయనిచ్చినందుకు, చేయి తిరిగినందుకు. అప్పుల వాళ్ళకు వాయిదా కట్టినట్టు తలూపుతూ వచ్చింది. ఇవాళ ఎవరూ అడగలేదు. అడగకుండానే లోపలినుంచి పొంగుకొచ్చి, కళ్ళలోంచి బయటపడింది. ఈ ముసలావిడ తను పోగొట్టుకున్న గురువారాన్ని ఇన్నేళ్ళు దాచి, తెచ్చి తన చేతిలో పెట్టింది.

“థాంక్స్ అత్తయ్యా,” అంది.

“సరేలే, ఎడం మోకాలు మర్చిపోయావు,” అంది అత్తగారు.

మధ్యాహ్నం ఆమె కొత్త గళ్ళ కాగితం తీసి ప్లాను మొదటినుంచీ తిరగరాసింది. ఈసారి పద్ధతి మార్చింది, ఇరవై ఒకటితోనే మొదలుపెట్టింది. అందులోనూ తన మూడు గళ్ళూ ముందుగా నింపేసింది. తర్వాత మిగతా రోజులన్నీ ఎప్పట్లాగే శ్రద్ధగా, ప్రేమగా నింపింది. చక్రాల కుర్చీలూ, లిఫ్టులూ, వంతెనలూ, చేపలూ అన్నీ ఉన్నాయి. మొదటి ఊళ్ళో ‘తోడు’ అన్నచోట మాత్రం ఒక పూట తన పేరు, ఒక పూట భర్త పేరు రాసింది. సాయంత్రం టీ వేళకు దాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించింది.

భర్త కప్పు పట్టుకుని వచ్చి, వృత్తిధర్మంగా పైనుంచి కిందికి తనిఖీ చేశాడు. మొదటి ఊరు దగ్గర ‘తోడు’ గడిలో తన పేరు రెండుసార్లు చదువుకున్నాడు. ఇరవై ఒకటి దగ్గర వేలు పెట్టాడు.

“ఇదేంటి, నీ మూడు గళ్ళలోనూ ‘సెలవు’ అని రాశావు? నువ్వేమైనా డ్యూటీలో ఉన్నావా సెలవు పెట్టడానికి?” అని నవ్వాడు.

ఎవరూ నవ్వలేదు. అత్తగారు తన కప్పులోకి చూస్తోంది. కూతురు ఫోనులోంచి తలెత్తి, ఫ్రిజ్ మీది ప్లానూ వాళ్ళమ్మ మొహమూ మార్చి మార్చి చూసింది. ఆయన నవ్వు మెల్లగా ఆగింది. ఆయన మొహంలో కోపం లేదు. అన్న మాట తన చెవికే ఇప్పుడు వినబడ్డట్టుంది. ఆ మాత్రానికే ఆమెకు ఆయన మీద ప్రేమ కలిగింది.

“ఎక్కడికెళ్తావు?” అన్నాడు కాస్త తగ్గి.

“వెళ్ళొచ్చాక చెబుతాను.”

“బాగానే ఉంది. మా గళ్ళేంటి ఖాళీగా వదిలేశావు? మా ఆఫీసరింటికి ఎన్నింటికి వెళ్ళాలి, అమ్మకు తిండెప్పుడు, అమ్మాయితో ఎవరు వెళ్తారు, ఏ బస్సెక్కాలి? మేం ఆ రోజంతా ఏం చెయ్యాలి మరి?”

ఆమె టీ ఒక గుక్క తాగింది. ఇంకా వేడిగా ఉంది.

“నాకు తెలీదండీ,” అంది.

ఆ ఇంట్లో ఆ మాట ఆమె నోట రావడం అదే మొదటిసారి. కోపంతో అన్నది కాదు, ఎత్తిపొడుపు కాదు. ఇరవై నాలుగేళ్ళ తర్వాత, నిజంగానే తెలియదు.